నూటికి నూరు గమ్మీలు పాసు

వీరవేణికి ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: కూతురి గొంతులో ఏదైనా అడ్డం పడి ఊపిరాడకపోవడం.

పాములంటే ఆమెకు భయం లేదు. చినముత్యాలలంకలో వానాకాలం పాము గడప దాటి వచ్చి పొయ్యి పక్కన చుట్టగా పడుకుంటే, చీపురు తిరగేసి అవతలికి నెట్టి అన్నం వార్చుకున్న మనిషి. గోదారి పొంగి వీధిలోకి వచ్చినా సామాను అటక మీదికెక్కించి, తీరిగ్గా కూర్చుని జడ వేసుకుంటుంది. ద్రాక్షపండు కనిపిస్తే మాత్రం అరచేతులకి చెమట పట్టేది. ఒక్కో పండునీ నాలుగు చీలికలు చేసి, గింజ తీసి, తొక్క ఒలిచి, అప్పుడు మోక్షిత నోట్లో పెట్టేది. వేరుశనగ పలుకు ఆ ఇంటి గడప తొక్కి చాలా కాలమైంది. చేపల కూర వండిన రోజున ముళ్ళు ఏరడానికి కూర్చుందంటే, మొగుడు తాతాజీ భోంచేసి, చెయ్యి కడుక్కుని, రొయ్యల చెరువు కాపలాకి బయల్దేరేసరికి కూడా ఏరుతూనే ఉండేది.

"ముల్లు తీత్తన్నావా, చేపకి ఆపరేషన్ చేత్తన్నావా?" అనేవాడు తాతాజీ చెప్పులేసుకుంటూ.

"నీకేం తెలుత్తాది. నువ్వు నీ పని చూసుకో."

తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లికి పక్షవాతం రావడంతో వీరవేణి చదువు అక్కడితో ఆగిపోయింది. కూతురిదైనా ఆగకూడదని ఊళ్ళోకెల్లా పెద్ద బడి, విశ్వవిహారి గ్లోబల్ స్కూల్లో యూకేజీలో వేసింది. పేరులోని గ్లోబు ఆ బడి ఆఫీసు గదిలో ఉంది. తిరగదు. ఆఫ్రికా వైపు సొట్టపోవడంవల్ల ఆ వైపు గోడకి ఆనించి పెట్టారు.

ఆ బడి కరస్పాండెంటు చక్రధరరావుగారు కిందటి వేసవిలో విద్యావిధానాల పరిశీలన కోసం విదేశీ పర్యటన చేసి వచ్చారు. పర్యటనలో ఎక్కువ భాగం ఒక షాపింగు మాల్లో జరిగింది. అక్కడి మిఠాయి కొట్టులో చిన్నపిల్ల ఒకతె, కనుగుడ్డు ఆకారంలో ఉన్న గమ్మీ నములుతూ, ఇది ఫలానా దేశందని కళ్ళు మూసుకుని చెప్పేసిందట. మన తాండ్రకి రబ్బరు బుద్ధులు వస్తే ఎలా ఉంటుందో గమ్మీ అలా ఉంటుంది. చూడ్డానికి వానపాములా, పళ్ళసెట్టులా, బొటనవేలులా, ఏ ఆకారంలోనైనా దొరుకుతుంది. తినే వస్తువులా ఉండడమొక్కటే అరుదు.

"ఆ దేశాలు ఎందుకు ముందుకెళ్ళాయో నాకప్పుడు బోధపడింది," అన్నారు చక్రధరరావుగారు తల్లిదండ్రుల సమావేశంలో. "వాళ్ళ పిల్లలకి ప్రపంచం నాలిక మీద ఉంది. మన పిల్లలకి పుస్తకంలో ఉంది. అందుచేత ఈ విద్యాసంవత్సరం నుండి యూకేజీ స్థాయిలో 'ప్రపంచ రుచి విజ్ఞానం' అనే నూతన పాఠ్యాంశాన్ని ప్రవేశపెడుతున్నామని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము."

తెలియజేయుటకు ఆయన ఎప్పుడూ సంతోషిస్తూనే ఉంటారు. సరుకుకి లోటు లేదు. ఆ లంకల్లో ఇంటికొకరు చొప్పున కువైట్లోనో మస్కట్లోనో ఉన్నారు. కబురు వెళ్ళగానే అట్టపెట్టెలు దిగాయి. జపాను గమ్మీలు, జర్మనీ గమ్మీలు, ఎండుచేప రుచి గమ్మీలు, కొరికితే లోపల్నుంచి ఎర్రగా కారే గమ్మీలు. పెట్టె విప్పిన యూకేజీ టీచరు ప్రమీల, వానపాముల పొట్లం చూసి ఒక అరుపు అరిచి, ఆనక విదేశీదని తెలిసి ముచ్చటపడింది.

సరుకు దిగాక మళ్ళీ పెట్టిన సమావేశంలో వీరవేణి చెయ్యెత్తింది. ఎత్తాక దించేద్దామనుకుంది గానీ అప్పటికే అందరూ చూశారు.

"సార్, ఒక్క మాటండి. ఇది పిల్లల గొంతులో అడ్డం పడితేనండి?"

చక్రధరరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇంత బాధ్యత గల ప్రశ్న ఏ దేశంలోనూ ఎవరూ అడగలేదు. ఈ తల్లి ఆందోళనను మా సంస్థ గుర్తించింది. గుర్తించడమే కాదు, దీన్ని సంస్థాగతం చేస్తున్నాం. ఇకపై ప్రతి గమ్మీనీ మొదట ఒక తల్లి సగం కొరికి చూసి, ఆమెకేమీ కాలేదని రూఢి అయ్యాకే మిగతా సగం విద్యార్థికి అందజేయబడుతుంది. ఆ తల్లి మీరేనమ్మా. నేటి నుండి మీరు మా ప్రథమ ఆస్వాదన అధికారిణి."

ఆ బడిలో ఫిర్యాదు చేసినవాళ్ళకి ఆ పనే అప్పజెప్పడం ఆనవాయితీ. మరుగుదొడ్లో నీళ్ళు రావడం లేదని అడిగిన ఒక తండ్రి ఇప్పుడు జలవనరుల కమిటీ అధ్యక్షుడు. రోజూ పొద్దున్నే బకెట్టుతో వస్తాడు.

"నేను తొమ్మిదో క్లాసేనండి," అంది వీరవేణి గొంతు తగ్గించి.

"నాలికకి డిగ్రీ అక్కర్లేదమ్మా. ఏం టీచర్?"

"అవున్సార్," అంది ప్రమీల. "కంగ్రాట్స్ మోక్షిత మమ్మీ."

మర్నాటి నుంచి వీరవేణి స్టాకు రూములో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎలుగుబంటి తల కొరికింది. పాము తోక కొరికింది. కొరికి, మింగి, గొంతు మీద చెయ్యి వేసుకుని, బతికే ఉన్నట్టు తేల్చుకుని, మొండాలన్నీ పళ్ళెంలో పేర్చింది.

ఆ పళ్ళెం తరగతి గదికి చేరకుండానే గుమ్మంలో తాయారమ్మ అడ్డుపడింది. వీరవేణికి పక్కింటావిడ, మనవరాలు అదే తరగతి.

"ఏమ్మా వీరవేణీ, నువ్వంటే నాకు కూతురి లెక్క. కాదన్ను. అంత మాత్రాన నీ ఎంగిలి నా మనవరాలు తినాలేంటమ్మా?"

"నేను కోరి చేత్తన్నానా పిన్నీ? సార్ చెప్పారు."

"మీ సారే తినమను. పాతిక దేశాల నుంచి తెప్పించి, ఆఖరికి పిల్లలకి పెట్టేది చినముత్యాలలంక ఎంగిలేనా?"

మాట హాలు దాకా పోయింది. సాయంత్రానికి అత్యవసర సమావేశం. ఎంగిలి సమస్యను ఏ విదేశీ విద్యావిధానమూ ముందుగా ఊహించలేదని చక్రధరరావుగారు విచారం వ్యక్తం చేశారు. చాకుతో కోయొచ్చుగా అని ఎవరో అన్నారు. బడి ఆవరణలోకి పదునైన వస్తువులు తేరాదన్న నిబంధన ఆయనే పెట్టారు కాబట్టి, చాకు అన్న మాట వాడినందుకే ఆ మనిషిని మందలించారు.

"మా చిన్నప్పుడు జీడి పంచుకోవాలంటే," అంది వీరవేణి, ఏదో ఒకటి అనాలి గనక, "గౌను అంచు కప్పి కొరికేవాళ్ళమండి. కాకెంగిలి. అది ఎంగిలి లెక్కలోకి రాదనేవాళ్ళం."

హాలు నవ్వింది. చక్రధరరావుగారు నవ్వలేదు. లేచి నిలబడ్డారు.

"దేశీయ సాంకేతిక పరిజ్ఞానం! మన చేతిలో పెట్టుకుని ప్రపంచమంతా వెతుకుతున్నాం. ప్రమీలా టీచర్, రాసుకోండి. ఇకపై సదరు గమ్మీలను ప్రామాణిక వస్త్రము ద్వారా మాత్రమే కొరకవలెను. వస్త్రము మన యూనిఫాం గుడ్డే అయి ఉండవలెను. ఉల్లంఘించిన వారిపై తగు చర్య తీసుకొనబడును."

ఎంగిలి అన్న మాట తాయారమ్మ మళ్ళీ ఎత్తలేకపోయింది. కాకెంగిలికి ఎంగిలి లేదన్నది ఆవిడా చిన్నప్పుడు ఒప్పుకున్న సంగతే. "కాకుల బడి," అని మాత్రం గొణిగి వెళ్ళిపోయింది.

నీలం గళ్ళ గుడ్డ ముక్క ఒకటి వీరవేణి భుజం మీదికి వచ్చింది. గుడ్డ కప్పి కొరకడం మొదలుపెట్టాక రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, గమ్మీ గుడ్డకి అంటుకుంటుంది. లాగితే గుడ్డ పోగులు గమ్మీతో వచ్చేస్తాయి. రెండు, రుచి తెలియదు.

"ఇదేం రుచమ్మా?" అని అడిగారు చక్రధరరావుగారు.

"గుడ్డ రుచండి."

"ఇది జర్మనీది. మరి జపానుది?"

"అదీ గుడ్డేనండి. బ్రెజిలుది కొంచెం గంజి తగిలిందండి."

ఆయన మొహం వెలిగింది. "ప్రపంచమంతా ఒకటే రుచి! వసుధైక కుటుంబానికి ఇంతకన్నా రుజువేం కావాలి? రిపోర్టులో రాయండి టీచర్."

వీరవేణి మనసు మాత్రం పోగుల మీదే ఉంది. గమ్మీ ఒక్కటే అయితే కరిగైనా పోతుంది. దారం తగులుకుంటే? పిల్లలకి ఇంకా ఒక్కటీ ఇవ్వకపోయినా, ఆ రాత్రి మోక్షిత దగ్గినప్పుడల్లా లేచి దీపం వేసి నోరు తెరిపించి చూసింది. పొద్దున్నే స్టాకు రూముకి వెళ్ళి, ఉన్న గమ్మీలన్నిటినీ ఫెయిల్ చేసేసింది.

ప్రమీల పరుగెత్తుకుంటూ వెళ్ళి కరస్పాండెంటుగారిని తీసుకొచ్చింది.

"ఫెయిలా?" అన్నారాయన, తుమ్మబోయి ఆగిపోయినట్టు మొహం పెట్టి. "ఈ సంస్థ స్థాపించిన నాటి నుండి ఫెయిలయినవాళ్ళు లేరమ్మా. ఫెయిలయ్యేలా ఉన్నవాళ్ళకి మేము ముందే టీసీ ఇచ్చి పంపిస్తాం."

"పిల్లలు కాదండి. గమ్మీలండి."

"విశ్వవిహారి గుమ్మం తొక్కాక ఎవరైనా ఒకటే. బాగా రానివాటికి స్పెషల్ క్లాసులు పెట్టండి."

పెట్టారు. గట్టిగా ఉన్నవాటిని విడిగా కూర్చోబెట్టి, ప్రమీల గోరువెచ్చటి నీళ్ళతో స్టడీ అవరు నిర్వహించింది. మరీ మొండివాటికి ఆదివారం కూడా సెలవు లేదు. సప్లిమెంటరీలో అన్నీ గట్టెక్కాయి. బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ లేచింది: 'ఈ ఏడాదీ మాదే విజయకేతనం! నూటికి నూరు శాతం ఉత్తీర్ణత!' కింద వరసగా గమ్మీల పాస్‌పోర్టు ఫొటోలు, ఒక్కోదాని కింద హాల్ టికెట్టు నంబరు. మొదటి ర్యాంకు వానపాముకి వచ్చింది.

టీ కొట్టు దగ్గర ఒకాయన ఫ్లెక్సీ కేసి చూసి, "ఎవరబ్బాయండీ, కొంచెం నీరసంగా ఉన్నాడూ?" అన్నాడు.

"హాస్టల్లో పెట్టి చదివించుంటారండి," అన్నాడు టీ కొట్టతను.

పాసయ్యాయంటే ఇక మిగతా సగాలు పిల్లల చేతికి వెళ్ళాలి. వీరవేణికి ఆ పూట అన్నం సయించలేదు. చదువు లేని మనిషి పెద్దవాళ్ళతో వాదించలేదు. వాళ్ళ మాటనే వాళ్ళకి వినిపించగలదు. అంతే చేసింది.

"సార్, తప్పయితే క్షమించండి. నేను కొరికింది సగమే గదండి. పరీక్ష సగానికే జరిగినట్టు గదండి. మరి ఫ్లెక్సీ మీద నూటికి నూరని రాశారు. అది యాభయ్యే అవుద్దేమోనండి."

చక్రధరరావుగారి చేతిలో కాఫీ కప్పు పళ్ళెంలోకి దిగింది. మెల్లగా దిగింది.

"యాభయ్యా?" అన్నారు.

"పోటీ స్కూలోళ్ళు పట్టుకున్నారంటే…"

"టీచర్! తక్షణమే రాసుకోండి. ప్రతి గమ్మీనీ నూటికి నూరు పాళ్ళూ పరీక్షించవలెను. ఆసాంతం. శేషం మిగలరాదు."

అలా పిల్లలకి గమ్మీ బెడద తప్పింది. ఎంగిలి పేచీ కూడా తీరింది గనక గుడ్డ అక్కర్లేదు. అయినా హోదాకి గుర్తుగా దాన్ని భుజం మీద ఉంచుకోవలసిందన్నారు. వీరవేణి గమ్మీ అంతా తిని రుచి చెప్పేది. ప్రమీల ఆ రుచిని నోట్సు చెప్పేది. పిల్లలు బట్టీ పట్టేవారు.

"కొరియా గమ్మీ! మొదట పులుపు, పిమ్మట తీపి! జర్మనీ గమ్మీ! మొదట తీపి, పిమ్మట కూడా తీపి!"

వీధి చివరి దాకా వినిపించేది. మోక్షిత అందరికన్నా గట్టిగా అరిచేది. రాత్రి పక్కలో పడుకుని తల్లి నోటి దగ్గర ముక్కు పెట్టేది.

"అమ్మా, ఇయ్యాల ఏ దేశం తిన్నావే?"

"నార్వే. పడుకో."

"నల్లగా ఉంటదా? దగ్గు మందు వాసనొత్తంది."

"రేపు ప్రశ్నొస్తే చేదు అని రాయి. దగ్గు మందని రాయకు."

"నాకొకటి తేవే."

"తేను."

"ఒక్కటే. చప్పరించి ఊసేత్తానే."

వీరవేణి అటు తిరిగి పడుకుంది. అటు తిరిగి నవ్వుకుంది కూడా. పిల్ల ఏడ్చినా ఫరవాలేదు. ఏడవాలంటే ఊపిరి ఆడాలి కదా.

పరీక్షలో మోక్షితకే మొదటి మార్కు వచ్చింది. ఆ మార్కే కొంప ముంచింది.

జిల్లా ప్రైవేటు విద్యాసంస్థల సమాఖ్య నుంచి రుచి సమన్వయాధికారి ఒకాయన తనిఖీకి వస్తున్నాడని తెలిసింది. వేదిక కట్టారు, బ్యాండు పెట్టారు. ఆయన పిల్లలు వల్లించిన ప్రపంచమంతా విని, తల పంకించి, మైకు అందుకున్నాడు.

"వాచిక ప్రదర్శన సంతృప్తికరంగా ఉన్నది. అయితే ప్రత్యక్ష ఆస్వాదన లేనిదే సమాఖ్య గుర్తింపు లభించజాలదు. మొదటి మార్కు వచ్చిన బాలిక వేదిక మీదికి రావలసిందిగా కోరడమైనది."

మోక్షిత పట్టు గౌనులో వేదికెక్కింది. వెండి పళ్ళెంలో కనుగుడ్డు గమ్మీ, నిమ్మకాయంత ఉంది. ముక్క చేయకూడదు, చేస్తే నమూనా చెడిపోతుందట. అధికారి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వంగాడు. మోక్షిత ఇన్నాళ్ళ కోరిక తీరబోతుందని నోరు ఎంత తెరవగలదో అంతా తెరిచింది.

వీరవేణి ఎప్పుడు లేచిందో, కుర్చీల వరస ఎలా దాటిందో ఎవరికీ తెలీదు. అధికారి చెయ్యి పట్టుకుని ఉంది.

"ఆగండి సార్. ఇది పరీక్ష కాలేదండి."

"ఏమమ్మా ఇది? ఈ రకం నిన్ననే పాసయింది కదా?" అన్నారు చక్రధరరావుగారు, అధికారి వైపు చూసి నవ్వుతూ, వీరవేణి వైపు చూసి పళ్ళు కొరుకుతూ.

"నిన్న పాసయింది దాని అన్నండి. ఇది తమ్ముడండి. అన్న పాసైతే తమ్ముడికి సర్టిఫికెట్టు ఇచ్చేత్తారేంటండి మన బడిలో?"

ఆ మాటకి తిరుగు లేదు. అన్న మార్కులు చూసి తమ్ముడిని చేర్చుకుంటారే గానీ, పాసు చేయడం మాత్రం ఫీజు కట్టించుకున్నాకే. వీరవేణి గమ్మీని నోట్లో వేసుకుంది.

కంగారులో నమలడం మరిచిపోయింది. ఒక్క క్షణం అది గొంతులో నిలిచిపోయింది. లోపలికి పోదు, బయటికి రాదు. వేదికా బ్యాండూ అధికారి నవ్వూ దూరంగా జరిగిపోతున్నాయి. కళ్ళ నిండా నీళ్ళు. ఏళ్ళ తరబడి కూతురికి రాకుండా కాచిన గండం ఇలా ఉంటుందన్న మాట, అనుకుంది. భుజం మీద గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, మెడ వంచి, బలమంతా ఉపయోగించి ఒక్క గుటక వేసింది. దిగింది.

"ఆనంద బాష్పాలు!" అన్నాడు అధికారి మైకులో. జనం చప్పట్లు కొట్టారు.

"అమ్మా, అది నాదే!" అని మోక్షిత ఘొల్లుమంది. ఇంకోటి తెచ్చారు. ఈసారి వీరవేణి నమిలి మింగింది. పళ్ళెం మార్చారు. అదీ అయింది. పళ్ళేల వెంట పళ్ళేలు ఖాళీ అవుతుంటే అధికారి వాచీ చూసుకున్నాడు.

"మరి పిల్లలు ఎప్పుడు తింటారండి?"

చక్రధరరావుగారికి ఎటూ దిక్కు తోచక నిజమే నోట్లోంచి వచ్చేసింది. "మా సంస్థలో పిల్లలు తినరండి."

అధికారి మైకు దించాడు. మళ్ళీ ఎత్తాడు.

"ప్రమాదం శూన్యం! రుచి సంపూర్ణం! పిల్లల ప్రమేయం లేకుండా పిల్లలకు విద్య అందించిన తొలి సంస్థగా దీన్ని సమాఖ్య గుర్తిస్తున్నది. ఇకపై జిల్లాలోని సభ్య పాఠశాలలన్నీ తమ తమ గమ్మీలను ఈ కేంద్రానికే పంపవలెను. ఈమెగారే పరీక్షించవలెను. వేరెవరూ పనికిరారు, ఈమెకి అనుభవం ఉంది."

దండ వేశారు. గుడ్డకి జరీ అంచు కుట్టించారు.

ఇప్పుడు పెట్టెలు వ్యానుల్లో వస్తున్నాయి. ఒక బడి పెట్టె అయ్యేసరికి ఇంకో బడిది దిగుతుంది. మానేస్తానని వీరవేణి అడక్కపోలేదు.

"నిరభ్యంతరంగా మానేయొచ్చమ్మా," అన్నారు చక్రధరరావుగారు. "మీరు లేకపోతే మొదట అనుకున్న పద్ధతే. పిల్లలే నేరుగా తింటారు. మీ ఇష్టం."

ఇష్టం ఏముంది. ఆమె మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. దవడలు వాచి మాట సరిగ్గా రావడం లేదు. జరీ అంచు గుడ్డని గడ్డం కింద నుంచి నెత్తి మీదికి కట్టుకుని నములుతుంది. పొద్దుగూకేదాకా ఇంటికి రావడం కుదరదు.

తాతాజీ చెరువు దగ్గర ఉంటాడు. యూకేజీ మధ్యాహ్నానికే వదిలేస్తారు. పిల్లని తాయారమ్మ చూసుకుంటుంది. మంచి మనిషే, కానీ అన్నం తిన్నాక ఓ కునుకు తీయందే ఉండలేదు. మొన్న ఆవిడ కూతురు మస్కట్ నుంచి పెట్టె పంపింది. అందులో తెలిసినవాళ్ళందరికీ పంచమని ఏవేవో గమ్మీలు వచ్చాయని, పెట్టె మూత ఊడిపోయి మంచం కిందే ఉందని, వీరవేణికి ఎవరూ చెప్పలేదు.

మీలో ఎవరికైనా చినముత్యాలలంక వైపు పని పడితే, రేవు దాటగానే ఎడమ చేతి వీధిలో ఆకుపచ్చ తలుపుల ఇల్లు తాయారమ్మది. తలుపు గడియ వేసి ఉండదు. ముసలమ్మ నిద్ర పాడవుతుందని చూడకండి, గట్టిగానే పిలవండి. మోక్షిత పలికితే సరే. పలక్కపోతే లోపలికి వెళ్ళి చూడండి.